అవ్వ మంచం దిగిన చలికాలం

నా చిన్నప్పుడు మా పల్లెలో ముసలివాళ్ళు పగటిపూట మంచం మీద కూర్చున్నారంటే అది వాళ్ళ కొడుకుల గొప్ప. మాది పెద్దారవీడు దాపున, వాకిట్లో నిలబడితే నల్లమల కొండలు నీలంగా కనిపించే చిన్న పల్లె. అందరివీ కూలి బతుకులే. తెల్లారితే రైతుల చేలకు పోవడం, పొద్దుగూకితే రావడం. నడుం వంగినా, చూపు మందగించినా, చేతనైన పనేదో ఒకటి చేస్తూనే ఉండేవాళ్ళు. అట్లాంటి చోట ఒక ముసలామె నులక మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చుంటే దారినపోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. ఆ కొడుకు ఎంత ప్రయోజకుడో, తల్లిని ఎంత బాగా చూసుకుంటున్నాడో అని చెప్పుకునేవాళ్ళు.

మా నాయనకు ఆ గొప్ప దక్కాలని ఎంతో ఆశ. చిన్నప్పుడే తండ్రి పోతే, ఎండనక వాననక కూలికి పోయి తల్లి తనను పెంచిందని ఆయన మాటిమాటికీ తలుచుకునేవాడు. ఇంతలో ఆయనకు మార్కాపురం పలకల గనిలో పని దొరికింది. పిల్లలు బడిలో రాసుకునే రాతిపలకలు ఆ రోజుల్లో మా మార్కాపురం నుంచి ఊరూరికీ పోయేవి. వానతో, పంటతో సంబంధం లేకుండా వారం వారం కూలి చేతికొచ్చే పని అది. మొదటి వారం కూలితో నాయన ఇంటికి మోసుకొచ్చింది కొత్త నులక మంచం. దాన్ని వసారాలో గోడవారగా వేసి, అవ్వను, అంటే తన తల్లిని, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టాడు.

"అమ్మా, ఇంక నువ్వు పనికి పోయేది లేదు. దీని మీంచి దిగబాక" అన్నాడు. మా అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నాకు మాత్రం ఆ మంచం మీద ఎగిరి దూకాలని ఉండింది.

అప్పటిదాకా అవ్వ ఒకచోట కుదురుగా ఉండడం నేను చూడలేదు. చీకటితోనే లేచి, కానుగపుల్ల నములుతూ వాకిలి ఊడ్చేది. చెంబెడు గోరువెచ్చని నీళ్ళు తాగేది. పొద్దున అంబలి, మధ్యాహ్నం జొన్న సంగటో కొర్రన్నమో తినేది. పొద్దు కుంకకముందే రాత్రి తిండి ముగించి, మేమింకా కబుర్లలో ఉండగానే నిద్రపోయేది. ఇదంతా ఆరోగ్యం కోసమని ఆమె అనుకోలేదు. దీపానికి కిరోసిన్ ఎక్కడిది, రాత్రి దాకా కూర్చోవడానికి? ఉన్నదాంట్లో ఒళ్ళు ఎట్లా నడిస్తే అట్లా నడిపించుకుంది, అంతే.

మా పల్లెలో ఇంకో పనికి కూడా ఆమె పెట్టింది పేరు. ఎవరికి కానుపైనా పసిబిడ్డకు నీళ్ళు పోయడానికి అవ్వకే పిలుపొచ్చేది. నేల మీద కూర్చుని, రెండు కాళ్ళూ ముందుకు చాపి, ఆ కాళ్ళ మీద బిడ్డను పడుకోబెట్టుకుని, వేడిచేసిన ఆముదంతో ఒళ్ళంతా నెమ్మదిగా మర్దన చేసి, గోరువెచ్చని నీళ్ళు పోసేది. మా పల్లెలో నా ఈడు పిల్లలందరం అవ్వ కాళ్ళ మీద పడుకుని గుక్కపెట్టి ఏడ్చినవాళ్ళమే.

మంచం వచ్చాక కొన్నాళ్ళు ఇంట్లో పండగలాగే ఉండింది. నాయన తల్లికోసం వరి బియ్యం తెచ్చాడు. కొర్రలు, జొన్నలు మేము తిన్నా, అవ్వకు మాత్రం మూడు పూటలా తెల్లటి అన్నమే. నీళ్ళు కావాలంటే నేను అందించాలి. ముఖం కడుక్కోవాలంటే నేను చెంబూ పళ్ళెమూ పట్టుకోవాలి. బడి మా ఇంటికి పిలిస్తే పలికేంత దూరం. అవ్వ దగ్గితే చాలు నేను బడిలోంచి పరిగెత్తుకొచ్చేదాన్ని. మా అయ్యవారు కూడా ఏమీ అనేవాడు కాదు. తల్లిని అంత బాగా చూసుకునే ఇల్లని ఆయనకూ మా ఇల్లంటే గౌరవం.

అయితే చలికాలం వచ్చేసరికి అవ్వ మారిపోయింది. పొద్దున లేవగానే మోకాళ్ళు బిగుసుకుపోయేవి. పాదాలు వాచేవి. అన్నం ముందు పెడితే ఆకలి లేదనేది. పగలంతా కునుకుపాట్లు, రాత్రంతా మెలకువ. ఎప్పుడూ నవ్వుతూ పలకరించే మనిషి ఊరికే చిరాకు పడేది. ఆదివారం చర్చికి రావడం ముందు మానేసింది. తర్వాత వసారా దాటడం మానేసింది. ఒకనాటి పొద్దున లేవబోయి, కాళ్ళు నిలవక మంచం మీదే కూలబడింది. ఆ తర్వాత లేవడానికి ప్రయత్నం కూడా చేయలేదు.

దారిన పోయేవాళ్ళు ఇప్పుడూ ఆగి చూసేవాళ్ళు. కాకపోతే మాట మారింది. మంచం పట్టిందంట, ఇంక లేవదేమోనంట అని గుసగుసలు. మా పల్లెలో మంచం పట్టిన ముసలివాళ్ళు ఎంతోకాలం ఉండరని నాకు కూడా తెలుసు. బడిలో కూర్చుని పలక మీద అక్షరాలు దిద్దుతూనే నేను వసారా వైపు చెవి పెట్టుకుని ఉండేదాన్ని. దగ్గు వినిపిస్తే ప్రాణం కుదుటపడేది. వినపడకపోతే భయమేసేది. అవ్వ లేని ఇల్లు ఎట్లా ఉంటుందో ఊహించుకోవడానికి కూడా నాకు చేతకాలేదు.

నాయన మార్కాపురం నుంచి ఒక వైద్యుణ్ణి పిలుచుకొచ్చాడు. పాత సైకిల్ మీద, వెనక మందుల సంచి కట్టుకుని ఊళ్ళు తిరిగే పెద్దాయన. మా పల్లెలోకి వచ్చి, మా వసారాలో కూర్చుని, మా అవ్వ చెయ్యి పట్టుకుని నాడి చూసే వైద్యులు ఆ రోజుల్లో అరుదు. అందుకే ఆయనంటే మా వాళ్ళకు గురి. పక్కింటి పెద్దమ్మ కూడా వచ్చి గుంజకు ఆనుకుని నిలబడింది. ఆమె మాకు రక్తసంబంధం కాదు గానీ, అవ్వను అత్తా అనేది, నాయనను మరిదీ అనేది, అట్లా నాకు పెద్దమ్మ అయింది. ఆమె కూతురు కానుపుకి పుట్టింటికి వచ్చి, పక్కింట్లోనే పసిబిడ్డతో ఉండేది.

వైద్యుడు చాలాసేపు నాడి చూశాడు. నాలుక చూశాడు, మోకాళ్ళు వంచి చూశాడు. ఏం తింటున్నావు, ఎప్పుడు పడుకుంటున్నావు అని అడిగాడు. తర్వాత లేచి గోడ దగ్గరికి పోయాడు. అక్కడ మా తాత కుట్టిన తోలు బాన ఒకటి వేలాడుతూ ఉండేది. రైతుల బావుల్లోంచి ఎద్దులతో నీళ్ళు తోడే పెద్ద తోలు సంచి అది. తాత గుర్తుగా నాయన దాన్ని దాచిపెట్టుకున్నాడు. వైద్యుడు దాని అంచు పట్టుకుని కొంచెం వంచాడు. తోలు పటపటమంటూ పగిలింది. నాయన ముఖం చిన్నబోయింది.

ఇది రోజూ నీళ్ళలో నానుతూ, ఆముదం తాగుతూ, బావిలోకి దిగి పైకి వస్తున్నన్నాళ్ళు మెత్తగా ఉండింది, భద్రంగా దాచిపెట్టినాక ఎండిపోయింది అన్నాడాయన. ముసలితనం వాతానికి అనువైన కాలమట. వాతం ఒంటిని ఎండగొడుతుంది, బిగిస్తుంది. దానికి నూనె కావాలి, వేడి కావాలి, కదలిక కావాలి. పొద్దున్నే లేవాలి, గోరువెచ్చని నీళ్ళు తాగాలి. కీళ్ళకు నువ్వుల నూనె, మాడుకూ అరికాళ్ళకూ ఆముదం పెట్టాలి. ఆకలైతేనే తినాలి, కడుపులో కొంచెం చోటు మిగిల్చి చెయ్యి కడగాలి, అలవాటైన కొర్రన్నం మళ్ళీ పెట్టాలి. అన్నిటికన్నా ముందు ఆమె మంచం దిగాలి. మొదట్లో నొప్పి పుడుతుంది, అయినా కొద్దికొద్దిగా దిగాలి అన్నాడు.

అన్నిటికీ తల ఊపిన నాయన చివరి మాటకు మాత్రం ఊపలేదు. "మా అమ్మ పని చేసి చేసి అరిగిపోయింది సామీ. మళ్ళ దించమంటావా?" అన్నాడు. వైద్యుడు శొంఠీ వామూ పొట్లం కట్టి ఇచ్చి, సైకిల్ ఎక్కబోయాడు. పెద్దమ్మ వెనకే పోయి చింతకంప దడి దగ్గర ఆయనతో ఏదో మాట్లాడింది. ఆమె ఏమడిగిందో, ఆయన ఏం చెప్పాడో నాకు వినపడలేదు. ఆయన నవ్వుతూ తలూపడం మాత్రం కనిపించింది.

వైద్యుడు చెప్పినవన్నీ నాయన శ్రద్ధగా చేశాడు, ఒక్కటి తప్ప. గని నుంచి రాగానే నూనె వేడిచేసి తల్లి కాళ్ళకు తానే పట్టించేవాడు. రాళ్ళు చీల్చి చీల్చి బొబ్బలెక్కిన చేతులతో ఆయన అంత మెత్తగా ఎట్లా మర్దన చేసేవాడో నాకిప్పటికీ ఆశ్చర్యమే. కానీ అవ్వ లేవబోయి అమ్మా అని మూలిగితే చాలు, ఆయన ప్రాణం విలవిల్లాడేది. వెంటనే పట్టుకుని మళ్ళీ పడుకోబెట్టేవాడు. వాళ్ళిద్దరికీ ఒకరంటే ఒకరికి ఉన్న ప్రేమే అవ్వను ఆ మంచానికి కట్టేసిందని చెప్పే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు.

కొద్దిరోజులకే పెద్దమ్మ ఒక పొద్దున చంకలో బిడ్డతో, చేతిలో ఆముదం గిన్నెతో మా వసారాలోకి వచ్చింది. నాయన పనికి బయల్దేరబోతూ అంబలి తాగుతున్నాడు.

"అత్తా, ఈ పిల్ల నా చేతికి లొంగడంలేదు. నూనె అంటితే చాలు, పల్లె లేచిపోయేట్టు ఏడుస్తాంది. పలకల పని చేసి నా చేతులు మొద్దుబారినాయి. నువ్వే ఏదో ఒకటి చెయ్యి" అంది.

నాయన అడ్డం వచ్చాడు, అమ్మ ఇంక పనులు చేయదు వదినా అని. పెద్దమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని ఆయన వైపు తిరిగింది. "పనేంది మరిదీ? పసిబిడ్డకు నీళ్ళు పోసేది పనా? మీ అమ్మ కాళ్ళ మీద పెరగని బిడ్డ ఉందా ఈ పల్లెలో? నా మనవరాలికి ఆ భాగ్యం లేదంటావా?" అని గట్టిగా అడిగింది. నాయన అంబలి గిన్నె కింద పెట్టి గనికి వెళ్ళిపోయాడు.

ఆ రోజు అవ్వ మంచం మీదే కూర్చుని బిడ్డకు నూనె రాసింది. చేతులు ముందు తడుముకున్నాయి, తర్వాత వాటికి దారి గుర్తొచ్చింది. బిడ్డ ఏడవలేదు. అవ్వ ముఖంలో ఎన్నాళ్ళకో ఒక వెలుగు చూశాను. నీళ్ళు పోయడానికి మాత్రం బిడ్డను పెద్దమ్మ తీసుకుపోయింది.

మర్నాడు నీళ్ళు కూడా నువ్వే పోయాలంది పెద్దమ్మ. మంచం మీదే పోస్తానంది అవ్వ. పెద్దమ్మ ముక్కు మీద వేలు వేసుకుంది. కొత్త నులక తడిస్తే కుళ్ళిపోతుందనీ, కొడుకు మొదటి కూలితో తెచ్చిన మంచం పాడుచేస్తావా అనీ అంది. పక్కనే ఉన్న నాయన కూడా మంచాన్నీ, తల్లినీ మార్చి మార్చి చూశాడు. ఆ మంచమంటే ఆయనకు ఎంత మురిపెమో పల్లె అంతటికీ తెలుసు. చివరికి ఆయనే ఒక పక్కా, పెద్దమ్మ ఒక పక్కా పట్టుకుని అవ్వను నేల మీద గోనెపట్టా మీద కూర్చోబెట్టారు. కిందికి దిగేటప్పుడు అవ్వ పళ్ళు బిగబట్టింది. నాయన కళ్ళు మూసుకున్నాడు. బిడ్డ కాళ్ళ మీదికి రాగానే అవ్వ మూలుగు ఆగిపోయింది.

అట్లా మొదలైంది. రోజూ దిగడం, రోజూ లేవడం. మొదట ఇద్దరు పట్టుకోవాలి, తర్వాత ఒకరు, ఆ తర్వాత నా భుజం చాలింది. బిడ్డకు పట్టించిన ఆముదంలో సగం అవ్వ చేతులకే పట్టేది. బిడ్డ కోసం కాచిన నీళ్ళ వేడి అవ్వ మోకాళ్ళకు కూడా తగిలేది. బిడ్డకు ఏమేం కావాలో ముసలి ఒంటికి కూడా అవే కావాలని ఇప్పుడు నాకు అర్థమవుతుంది. కాస్త నూనె, కాస్త వేడి, వేళకు తిండి, కంటినిండా నిద్ర, ఒళ్ళు కదిలించే చేతులు. బిడ్డకు నీళ్ళు పోసిన రోజు అవ్వకు ఆకలేసేది. కొర్రన్నం కావాలని ఆమే నోరు తెరిచి అడిగింది. రాత్రి నా పక్కన గుర్రు వినిపిస్తే నేను దుప్పట్లో ముఖం పెట్టుకుని నవ్వుకున్నాను.

తర్వాత పెద్దమ్మ కొత్త పేచీ పెట్టింది. మీ వసారాలో ఎండ పడదు, బిడ్డకు పొద్దుటి ఎండ తగలాలి, మా వాకిట్లోకి వచ్చి నీళ్ళు పొయ్యి అంది. అవ్వ గొణుగుతూనే కర్ర తీసుకుంది. మా ఇంటికీ వాళ్ళ ఇంటికీ మధ్య ఉన్నది ఒక్క చింతకంప దడే. అది దాటడానికి అవ్వకు మొదటి రోజు ఎంతసేపు పట్టిందంటే, కాచిన నీళ్ళు చల్లారిపోయి మళ్ళీ కాచాల్సి వచ్చింది. పెద్దమ్మ తొందరపెట్టలేదు. పొయ్యి దగ్గర కూర్చుని పుల్లలు ఎగదోస్తూ, ఆ వైపు చూడనట్టే ఉండిపోయింది.

క్రిస్మస్ దగ్గర పడుతుండగా తుపాను ముసురు పట్టింది. తెల్లారినా చీకటిగానే ఉంది. ఈ వానలో దడి దాటడం తనవల్ల కాదు కాబట్టి, బిడ్డను మా ఇంటికే తీసుకురమ్మని చెప్పడానికి అవ్వ నన్ను పంపింది. గోనెసంచి తల మీద కప్పుకుని పరిగెత్తాను. పెద్దమ్మ ఇంట్లో పొయ్యి మండుతోంది. దాని పక్కనే పెద్దమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఆ కాళ్ళ మీద బిడ్డ. పెద్దమ్మ చేతులు బిడ్డ వీపు మీద అచ్చం అవ్వ చేతుల్లాగే తిరుగుతున్నాయి. బిడ్డ ఏడవలేదు సరికదా, హాయిగా ఆవలించింది.

నన్ను చూసి పెద్దమ్మ ఉలిక్కిపడింది. తర్వాత నవ్వింది. "మీ అవ్వకు చెప్పబాకమ్మే" అంది, అంతే.

నేను తడుస్తూ తిరిగొచ్చి, బిడ్డ నిద్రపోతోందని చెప్పాను. పెద్దమ్మకు అన్నీ చేతనవును. అవ్వ లేకపోయినా బిడ్డకు ఏమీ కాదు. ఈ మాట తెలిస్తే, తనను మోసం చేశారని అవ్వ మళ్ళీ మంచం ఎక్కేస్తుంది. ఈసారి ఎక్కితే ఇంక దిగదు. నేను అవ్వ ముఖం చూడడానికే భయపడ్డాను. నా నోట్లోంచి ఎప్పుడేం జారిపోతుందోనని, ఎప్పుడూ వసపిట్టలా వాగే నేను ముంగిలా తిరిగాను.

ముసురు వెలిసిన ఆదివారం బిడ్డను చర్చికి తీసుకుపోయి, పేరు పెట్టి ప్రార్థన చేయించాలనుకున్నారు. నీళ్ళు పోసిన అవ్వ లేకుండా పేరు పెట్టేది లేదని పెద్దమ్మ మంకుపట్టు పట్టింది. చర్చి పల్లెకు ఆ చివర. అవ్వ తెల్లచీర కట్టుకుని, ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో నా భుజం పట్టుకుని బయల్దేరింది. ముందే వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడ్డ నాయన, తల్లి నడిచి రావడం చూసి పరిగెత్తుకొచ్చాడు. ఎత్తుకుందామనుకున్నాడేమో, చేతులు చాపాడు. అవ్వ ఆ చేతుల్లో ఒకదాన్ని పట్టుకుని తనే నడిచింది. ప్రార్థన అయ్యేదాకా నాయన తల వంచుకునే ఉన్నాడు. ఆయన కళ్ళలోంచి కారే నీళ్ళు నాకు పక్కనుంచి కనిపిస్తూనే ఉన్నాయి.

తిరిగి వచ్చేటప్పుడు అవ్వ అలుపు తీర్చుకోవడానికి దారి పక్క బండ మీద కూర్చుంది. మేమిద్దరమే వెనకబడ్డాం. నోరెందుకు పడిపోయిందే నీకు అని అడిగింది. అంతే, నేను భోరుమని ఏడ్చేశాను. పెద్దమ్మకు నీళ్ళు పోయడం వచ్చు అవ్వా, అంతా అబద్ధం, నువ్వు మాత్రం మళ్ళీ మంచం ఎక్కొద్దు అని ఏడుపులోనే అంతా కక్కేశాను.

అవ్వ కడుపుబ్బ నవ్వింది. "నాకు తెలీదా ఏంది? మీ పెద్దమ్మ మొదటి కానుపప్పుడు కాళ్ళెట్ల చాపాలో, బిడ్డనెట్ల పట్టుకోవాలో నేర్పించిందే నేను గదా" అంది.

నా ఏడుపు ఠక్కున ఆగిపోయింది. మరి తెలిసీ ఎందుకు పోయావని అడిగాను. అవ్వ కర్రను ఒళ్ళో పెట్టుకుని మెల్లగా చెప్పింది.

"మీ నాయన కూర్చోబెట్టినాడే, దిగితే వాని మనసు నొచ్చుకుంటదని కూర్చున్నా. కూర్చోగా కూర్చోగా కాళ్ళే మొరాయించినాయి. లేచి నాలుగడుగులు వేద్దామంటే నా బిడ్డ ముఖం చూడలేకపోతి. మీ పెద్దమ్మ వచ్చి అడిగింది. మంచం దిగేదానికి నాకొక సాకు దొరికింది, దించేదానికి మీ నాయనకొక సాకు దొరికింది. అడిగేవాళ్ళు ఉంటే కాళ్ళు వాటంతటవే వస్తాయి లేమ్మే."

అప్పుడు నాకు సగమే అర్థమైంది. పెద్దమ్మ మాయ చేసింది అవ్వనని నేననుకున్నాను. నిజానికి ఆమె ఒప్పించింది నాయనను. తల్లిని మళ్ళీ పనికి పంపానన్న నింద ఆయన మీద పడకుండా, ఆయన గొప్ప ఆయనకు మిగిల్చి, ఆయన తల్లిని ఆయనకు తిరిగి ఇచ్చింది. ఆ మాట ఆమె ఎన్నడూ ఎక్కడా చెప్పుకోలేదు. అవ్వ కూడా తనకు తెలుసునని ఆమెతో అనలేదు. ఆ బిడ్డ పాకే దాకా వాళ్ళిద్దరూ రోజూ అదే నాటకం ఎంతో శ్రద్ధగా ఆడారు.

ఆ సాయంత్రం నాయన ఎవరూ చెప్పకుండానే మంచం ఎత్తి గోడకు నిలబెట్టాడు. పొద్దుగూకినాక వాల్చడం, తెల్లారగానే ఎత్తేయడం అప్పటి నుంచి మా ఇంటి అలవాటయింది. గోడ మీది తోలు బానను కిందికి దించి, ఒళ్ళో పెట్టుకుని, ఆముదం గుడ్డతో రుద్దుతూ చాలాసేపు కూర్చున్నాడు. పగిలిన చోట అతకలేదు గానీ, మిగతా తోలు మెత్తబడింది.

అవ్వ ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. నా పెద్దకొడుక్కి నీళ్ళు పోసింది కూడా ఆమే. నడుం వంగింది, చెవులు మందగించాయి, అయినా తన పనులు తను చేసుకుంటూనే ఉండింది. ఒకనాటి పొద్దున కానుగపుల్ల చేతిలో ఉండగానే వసారా మెట్టు మీద కూర్చుని కన్నుమూసింది. మంచం గోడకు నిలబెట్టే ఉంది.

ఇప్పుడు నాకు అవ్వ వయసొచ్చింది. మార్కాపురంలో కొడుకు దగ్గర ఉంటున్నాను. అప్పట్లో మేము బీదవాళ్ళ తిండి అనుకున్న కొర్రలు ఇప్పుడు సూపర్ మార్కెట్‌లో రంగుల ప్యాకెట్లలో, ఆరోగ్యమని పేరు పెట్టుకుని కూర్చుంటున్నాయి. నాకు నవ్వొస్తుంది. పొద్దున్నే లేవడం, వేడినీళ్ళు, అరికాళ్ళకు ఆముదం, పెందలాడే తిండి, ఇవి నేను మానలేదు. ఇవన్నీ ఎవరికి వాళ్ళం చేసుకోగలిగినవే. పక్కమనిషి చేయాల్సింది మాత్రం ఒకటుంది, అది ఏ పొట్లంలోనూ దొరకదు. అందుకే మా వీధిలో ఏ పెద్దామె అయినా కొన్నాళ్ళు బయట కనిపించకపోతే, నేను పళ్ళు తీసుకుని పరామర్శకు పోను. రవిక చేతులు ఎక్కడ కత్తిరించాలో చూపించమనో, ఉలవచారు మరిగిందో లేదో చెప్పమనో అడగడానికి పోతాను.

నా కొడుకు కూడా వాళ్ళ తాత పోలికే. మోకాళ్ళు నొప్పులంటే చాలు, మెత్తటి కుర్చీ కొనుక్కొచ్చి, కదలబాకమ్మా అంటాడు. నాకు కోపం రాదు, కళ్ళు చెమర్చుతాయి. నా కోడలు మాత్రం ఆదివారం పొద్దున నా మనవరాలి రెక్క పట్టుకుని, నూనె గిన్నెతో నా దగ్గరికి వస్తుంది. "అత్తమ్మా, ఇది నా చేతికి ఊరుకోవడంలేదు, తలంటు నువ్వే పొయ్యి" అంటుంది. మిగతా రోజుల్లో ఆ పిల్లకు చిక్కులు తీసి, చక్కగా జడ వేసి, కిక్కురుమనకుండా బడికి పంపేది ఆమే. అదంతా నేను చూస్తూనే ఉంటాను.

అవ్వ కథ నేను కోడలికి ఇంతవరకూ చెప్పలేదు. చెబితే ఎక్కడ అడగడం మానేస్తుందోనని భయం. గిన్నె అందుకుని, నా పనులు నన్ను చేసుకోనివ్వరు గదా అని నాలుగు మాటలు గొణిగి, కుర్చీ చెయ్యి పట్టుకుని మెల్లగా నేల మీదికి దిగుతాను.